పళ్ళెం చూపించని మనవరాలు

1. పౌర్ణమి వెళ్ళిన మూడో నాడు, మంగళవారం

మంచె మంచెకీ తిరిగే కొయ్య పుస్తకం ఈ నెల నా చేతికి వచ్చింది. పుస్తకం రాగానే ముందు అందరి ఒంట్లో సంగతీ అడిగి, ఆ తర్వాతే సొంత గోల రాసుకోవాలన్నది మన కొయ్యల వాళ్ళ కట్టుబాటు గనక వరసగా అడుగుతున్నాను. ఒకటో మంచె డాక్టరమ్మ గారికి నడుం నొప్పి తగ్గిందా? అందరికీ మందిచ్చే మనిషే మంచం ఎక్కితే మాకు దిక్కెవరని ఒకటే బెంగగా ఉంది. రెండో మంచె దానయ్య తమ్ముడికి ఆయాసం ఎలా ఉంది? తేమలో పడుకోవద్దని ఎవరైనా చెప్పండి. మూడో మంచె కోడలు పిల్లకి నెలలు నిండాయి కదా, నొప్పులు రాకముందే పడవ సిద్ధం చేసి ఉంచుకున్నారా? ఆరో మంచె వాళ్ళ ముసలి కుక్క బతికే ఉందా? ఇక ఐదో మంచె కాసులమ్మ. ఆవిడని అడగకపోతే కట్టుబాటు తప్పినట్టవుతుంది కాబట్టి అడుగుతున్నాను. ఆవిడకేం, బాగానే ఉంటుంది.

నేను మసేనమ్మని, సముద్రంలో గుంజల మీద నిలబడ్డ ఈ నాలుగో మంచెకి కొయ్య కాపలాదారుని. రెండో తరగతి దాకా చదివాను. తప్పులుంటే దిద్దుకుని చదువుకోండి. కాళ్ళకి తిమ్మిర్లు, గుండె దడ మామూలే.

ఈ పొద్దున టీవీ బొమ్మలు పట్టే కొయ్యని తాడుతో దించి యాంటెన్నా పుల్లల మీద పేరుకున్న ఉప్పు గీకాను. ఒక పుల్ల వంగింది. వేడినీళ్ళ గుడ్డ చుట్టి సరిచేశాను. మళ్ళీ నిలబెట్టేసరికి మధ్యాహ్నమైంది. ఇంత చేసినా సాయంత్రం నాలుగింటికి టీవీలో రవణ మొహం నిండా చీమల్లా పాకే చుక్కలే.

రవణ నా కొడుకు కూతురు. కాసులమ్మకి కూతురి కూతురు. పిల్లకి నాలుగేళ్ళప్పుడు తల్లీ తండ్రీ ఒకే తుఫానులో పోయారు. అప్పటి నుంచి ఒక నెల నా దగ్గర, ఒక నెల ఆవిడ దగ్గర పెరిగింది. అధిక మాసం వచ్చిన ఏడు ఆ నెల ఎవరిదా అని పెద్దల దగ్గర పంచాయితీ పెడితే ఆవిడ వాటాకి వేశారు. పదకొండేళ్ళయింది. నేను మర్చిపోలేదు.

ఇప్పుడు పిల్లకి ఇరవై. వాన జాడ కనిపెట్టే వాన కొయ్య మీద ఒక్కతే ఉంటోంది. పడవ మీద సగం రోజు ప్రయాణం. ఆరు నెలల కాపలాలో ఇది అయిదో నెల. రోజూ నాలుగింటికి కెమెరా ముందుకొచ్చి, మబ్బు ఎటుంది, గాలి ఎటుంది, మర్నాడు వేటకి వెళ్ళొచ్చా లేదా అన్నీ చెబుతుంది. ఆ మాట విన్నాకే ఏ మంచె పడవైనా కదులుతుంది. ఆఖర్న రెండు నిమిషాలు ఇంటి వాళ్ళతో మాట్లాడుకోవచ్చు. నా కొయ్య మీద పంపే మర మాడిపోయి రెండు వానాకాలాలైంది. కొత్తది చేసేవాళ్ళు లేరు. ఆ పిల్ల చెప్పేది నేను వినగలను, నా మాట దానికి చేరదు.

మాట మొదలెట్టే ముందు పళ్ళెం చూపించాలి. మన దగ్గర పసిపిల్లలకి కూడా తెలుసు. పసుపు ముద్ద ఒకటి, కుంకుమ ముద్ద ఒకటి, కాస్త బియ్యప్పిండి, ఒక కరివేపాకు రెబ్బ. గాలిలో వచ్చే రంగు దారిలో ఎటో ఒక పక్కకి జారిపోతుంది. పసుపు పసుపులా, పిండి పిండిలా కనిపించేదాకా చూసేవాళ్ళు రంగు మర తిప్పుకుంటారు. ఆ తర్వాతే మనిషి మొహం చూస్తారు. పళ్ళెం వణకకుండా ఎలా పట్టుకోవాలో ఆ పిల్లకి నేర్పింది నేను. కాసులమ్మ కాదు.

పోయిన నెల ఐదో మంచెకి కొత్త పెట్టె వచ్చింది. ఆ రోజు నుంచి రవణ పళ్ళెం చూపించడం మానేసింది. పెట్టెకి పళ్ళెం అక్కర్లేదట.

2. అయిదో నాడు, గురువారం

పెట్టెలు బిగించే ఎల్లాజీ వచ్చాడు. నా కొయ్య చూసి వెళ్ళమని నాలుగు సార్లు కబురు పెట్టాను. టీ ఇచ్చి కూర్చోబెట్టి అడిగాను, కాసులమ్మ ఇంట్లో బొమ్మకీ నా ఇంట్లో బొమ్మకీ అంత తేడా ఎందుకని.

"నీ కొయ్యలో తప్పేటీ లేదు పెద్దమ్మా. నీకూ వాన కొయ్యకీ అడ్డంగా ఆ సగం మునిగిన లైటు హౌసు ఉంది సూడు. తిన్నగా వచ్చిన బొమ్మ ఒకటి. దానికి తగిలి తిరిగొచ్చిన బొమ్మ ఇంకోటి. అది ఆలస్యంగా వస్తది కదా, అందుకే పక్కన నీడలాగ ఇంకో మనిషి."

"అయితే కాసులమ్మకి ఒక్క మనవరాలే, నాకు ఇద్దరన్నమాట" అన్నాను.

వాడు నవ్వి టీ ఒలకబోసుకున్నాడు. నాకు నవ్వు రాలేదు.

నాకూ ఒక పెట్టె బిగించమన్నాను. వాన కొయ్యకి ఒకటి పోగా మంచెలకి రెండే వచ్చాయట. ఒకటి డాక్టరమ్మ గారి కోసం ఒకటో మంచెకి, ఒకటి అడ్డం లేని చోటని ఐదో మంచెకి. మళ్ళీ ఎప్పుడొస్తాయో చెప్పలేనన్నాడు. అసలు ఆ పెట్టె ఏం చేస్తుందో చెప్పమంటే చెప్పాడు. అర్థమైనంత రాస్తున్నాను.

పాతది అల లాంటిదట. వెలుగు ఎంత ఉంటే అల అంత లేస్తుంది. దారిలో వానైనా, ఉప్పు గాలైనా ఏది తగిలినా అలలో కలిసిపోయి తెర మీద చీమలవుతుంది. కొత్తది బొమ్మని చిన్న చిన్న గళ్ళుగా కోసి, గడికొక అంకె వేసి, అంకెలు పంపిస్తుందట. అంకె అందితే బొమ్మ అచ్చు గుద్దినట్టు వస్తుంది. అందకపోతే అసలు రాదు. మధ్యస్తం లేదు. మారని గళ్ళని పంపనే పంపదు, ముందటి వాటినే వాడుకుంటుంది.

"మరి రంగు? పళ్ళెం లేకుండా ఎలగ తెలుస్తాది?" అన్నాను.

"తనే దిద్దుకుంటది పెద్దమ్మా. బొమ్మలో తెల్లగా ఉండవలసింది ఏదో ఎతుక్కుంటది. మనిషి మొగం ఉంటే కన్ను. కంటిని తెల్లగా చేసుకుని, మిగతా రంగులన్నీ దాన్నిబట్టి సర్దేస్తది."

"మరి నాకొచ్చేది?"

"కెమెరా నుంచి రెండు తీగలు. ఒకటి పెట్టెలోకి పోతది. ఒకటి తిన్నగా కొయ్య మీదికి. పడవల మీద పాత టీవీలే కదా, వాళ్ళ కోసరం. దాన్ని ఎవరూ దిద్దరు. కెమెరా ఏటి సూస్తే అదే నీకొస్తది, చీమలతో సహా."

అందరికీ దిద్దిన పిల్ల, నాకు దిద్దని పిల్ల. ఈ మంచెల మీద వాటాలెప్పుడూ ఇలాగే పడతాయి.

3. ఎనిమిదో నాడు, ఆదివారం

చేసిన తప్పు రాయాలి. పుస్తకంలో దాచకూడదు.

నీళ్ళ పంపకం దగ్గర మన మంచె ఆడవాళ్ళు నిన్న ఒకటే మాట. కాసులమ్మ తెర మీద రవణ ఎడమ కనుబొమ్మ పక్కన పుట్టుమచ్చ కూడా కనిపిస్తోందట. ఆ మచ్చ అది పుట్టిన గంటలోనే అందరికంటే ముందు చూసింది నేను. మంత్రసాని చేతిలోంచి పిల్లని అందుకుంది నేను.

ఇంటికొచ్చి పంతం పట్టాను. నాలుగింటికి బొమ్మ రాగానే రంగు మర పూర్తిగా పైకి తిప్పేశాను. మా తెర మీదా పిల్ల కళకళలాడాలని. తిప్పేసరికి మొహం, చేతులు, కళ్ళు అన్నీ పచ్చగా వచ్చాయి. పక్కనున్న నీడ మొహం కూడా పచ్చగానే ఉంది. భయం వేసి కిందికి తిప్పాను. పచ్చదనం పోలేదు. అసలు మర ఇదివరకు ఎక్కడ ఉండేదో గుర్తులేదు. పళ్ళెం చూసి సరిచేసుకుని నెల దాటింది. ఆ పిల్ల నిజంగా పచ్చగా ఉందో, నేను కుళ్ళుకుని తిప్పిన మర పచ్చగా ఉందో నాకు తెలియడం లేదు.

మాట అయిపోయాక రవణ అంది, "అమ్మమ్మా, బాగున్నాను, మామ్మకి కూడా సెప్పు."

మామ్మకి కూడా. ఆ 'కూడా' పొద్దుపోయేదాకా గొంతులో ముల్లులా ఉండిపోయింది.

4. పదో నాడు, మంగళవారం

పొద్దుటి నుంచి వాన. మూడున్నరకి మన మంచె ఆడవాళ్ళు తడుస్తూ నా ఇంటికొచ్చారు. ముందుగా పెట్టె పెట్టి చూస్తే, వానకి కాసులమ్మ బొమ్మ గళ్ళ లుంగీలా విడిపోయి, తర్వాత నల్లగా అయిపోయిందట. నెలరోజుల తర్వాత నా గడప నిండా చెప్పులు. చెప్పకూడదు గానీ ఆ వాన ఇంకో వారం ఉండాలని దండం పెట్టుకున్నాను. మర్నాడు వేటకి వెళ్ళాల్సిన వాళ్ళు నన్ను తిట్టుకోకండి.

చీమల్లోనే అయినా బొమ్మ వచ్చింది. మాట వినిపించింది. రవణ పళ్ళెం చూపించలేదు. మబ్బు సంగతి చెబుతూ చెబుతూ మధ్యలో రెండు సార్లు ఆగి ఊపిరి తీసుకుంది.

"సూడండర్రా, పిల్ల పచ్చగా లేదేటి?" అన్నాను.

ఎర్రయ్యమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఎర్రయ్యమ్మకి ఒక ఇంట్లో మాట ఇంకో ఇంట్లో చేరవెయ్యకపోతే అన్నం అరగదు.

"నీ టీవీలో మా ఆయన కూడా ఓపాలి ఆకుపచ్చగా అగుపడ్డాడు పిన్నీ. తీరా ఇంటికొచ్చినాక సూస్తే నల్లగానే ఉన్నాడు."

అందరూ నవ్వారు. తర్వాత ఆవిడే చెప్పింది, పిల్ల పచ్చగా ఉందని నిన్న నీళ్ళ దగ్గర నేనన్న మాట తను ఐదో మంచెకి మోసుకెళ్ళిందని. కాసులమ్మ ఏమందో కూడా చెప్పింది.

"'కామెర్లోడికి లోకమంతా పచ్చగా అగుపడతాదంట, మసేనమ్మొదినకి సెప్పు' అనింది."

నలుగురిలో అంది. నేను లేచాను. గ్లాసులన్నీ కడిగి బోర్లించాను. ఆవిడ మాట తప్పని కూడా అనలేకపోతున్నాను. నా కడుపులో ఉన్నదేమిటో నాకు తెలియదా?

5. పన్నెండో నాడు, గురువారం

వాన వెలిసింది. ఆడవాళ్ళంతా మళ్ళీ ఐదో మంచెకి వెళ్ళిపోయారు. నేనొక్కదాన్నే తెర ముందు.

ఈ రోజు రవణ కూర్చుని చెప్పింది. అయిదు నెలల్లో ఎప్పుడూ కూర్చోలేదు. మబ్బు చూపించడానికి కెమెరా తిప్పడానికి లేచి, పట్టుకోవడానికి గోడ వెతుక్కుంది. బొమ్మా నీడా ఇద్దరూ ఒకే పక్కకి ఒరిగారు. ఆఖర్న అంది, "నాలుగు రోజులై అన్నం సయించడం లేదు అమ్మమ్మా. సేప వాసనొస్తే కడుపులో తిప్పుతాంది. ముసురు కదా, అదే తగ్గిపోద్ది."

చేపల కుండలో పుట్టి పెరిగిన పిల్లకి చేప వాసన పడకపోవడమేమిటి? మా ఆయనకి కామెర్లు వచ్చినప్పుడు ముందు సరిగ్గా అదే అన్నాడు. పచ్చదనం తర్వాత బయటపడింది. మేము చూసుకునేసరికి ఆలస్యమైపోయింది. అప్పటికి ఒకటో మంచె మీద డాక్టరు కూడా లేడు.

వెళ్ళి కాసులమ్మకి చెప్పాలి. ఆవిడ పెట్టె లోంచి తప్ప పిల్లతో మాట్లాడే దారి లేదు. ఎందుకు వెళ్ళలేదో దాచకుండా రాస్తున్నాను. వెళ్తే ఆ గదిలో, ఆవిడ చాప మీద కూర్చుని, ఆ స్పష్టమైన బొమ్మ చూడాలి. నలుగురూ నా మొహం చూస్తారు. మా రెండు మంచెల మధ్య తిరిగే తాళ్ళ తెప్ప దగ్గరికి రెండు సార్లు వెళ్ళి వెనక్కి వచ్చాను. రెండోసారి తెప్ప తాడు తడిగా ఉందని నాకు నేనే చెప్పుకున్నాను. ఆ తాడు ఎప్పుడు పొడిగా ఉంది గనక.

6. పదమూడో నాడు, శుక్రవారం

వెళ్ళాను.

కాసులమ్మ గుమ్మంలోనే ఉంది. కొత్త చీర కట్టుకుంది. రోజూ నాలుగింటికి కొత్త చీర కడుతుందని విన్నాను, నిజమే.

"రా వొదినా. దారి గురుతుందేటి?"

"తాడు కట్టే ఉంది కదా, అదే లాక్కొచ్చింది" అన్నాను.

పీట వేసింది, మంచినీళ్ళిచ్చింది. మర్యాదకి లోటు చెయ్యలేదు, అది రాయాలి.

నాలుగైంది. బొమ్మ వచ్చింది. ఏం చెప్పను. కిటికీ తెరిస్తే అవతల పిల్ల నిలబడినట్టుంది. చీమ లేదు, నీడ లేదు. పుట్టుమచ్చ, ముక్కుపుడక, ముక్కుపుడకలో మెరుపు. కళ్ళు తాటి ముంజల్లా తెల్లగా ఉన్నాయి. ఇన్నాళ్ళూ ఆవిడ ఇది చూస్తూ ఉందా అనుకున్నాను. నా గుండె మండిపోయింది. పిల్ల కళ్ళు తెల్లగా ఉన్నందుకు నేను సంతోషించాలి. సంతోషం రాలేదు. అందరి ముందూ ఓడిపోయానే అని ఏడుపొచ్చింది. పిల్ల జబ్బుగా ఉంటే గెలిచేదాన్ని అన్నమాట. ఆ ఆలోచన నాదేనని తెలిసి నా ఒళ్ళు నాకే జలదరించింది.

తల దించుకోబోతూ చూశాను. పిల్ల వెనకాల తీగ మీద తెల్ల తువ్వాలు ఒకటి ఆరేసి ఉంది. అది తెల్లగా లేదు. నీలిమందు ఎక్కువైన బట్టలా నీలంగా ఉంది. ఆ తువ్వాలు నేనిచ్చిందే. వాన కొయ్య మీద నీలిమందు ఎక్కడిది? సబ్బుకే కరువు. అప్పుడు ఎల్లాజీ మాటలు గుర్తొచ్చాయి. కన్ను ఎలా ఉన్నా పెట్టె దాన్ని తెల్లగా చేసేస్తుంది. కంటి లోంచి పచ్చదనం తీసేస్తే, నిజంగా తెల్లగా ఉన్నది నీలంగా మారక ఏమవుతుంది?

"కాసులమ్మా, పిల్లతో ఒక మాట నన్ను మాట్లాడనీ."

ఆవిడ కాస్త తటపటాయించి జరిగి చోటిచ్చింది.

"గుంటా, నాను మామ్మని."

రవణ మొహం విప్పారింది. "మామ్మా, వచ్చినావా. ఎన్నాళ్ళకే."

"అద్దంలో మొగం సూసుకుని ఎన్నాళ్ళైందే?"

"అద్దం ఉప్పుకి పొట్టు లేచిపోనాది మామ్మా. ఈ పెట్టె తెరలోనే సూసి బొట్టెట్టుకుంటన్నాను."

ఆ పిల్ల కూడా దిద్దిన మొహాన్నే చూసుకుంటోంది. దాని ఒంట్లో సంగతి దానికే తెలియదు.

"రేపు పళ్ళెం చూపించాలి. మరిచిపోకు" అన్నాను. సమయం అయిపోయి బొమ్మ పోయింది.

కాసులమ్మ నా వైపు తిరిగింది. "ఏటి వొదినా నీ గోల. తెల్లగా మెరుస్తన్నాయి దాని కళ్ళు. నాకు పెట్టె వచ్చిందని నీకు కడుపుమంట. ఊరందరికీ తెలిసిందే కదా."

"ఉంది" అన్నాను. "కడుపుమంట ఉంది. లేదన్నానేటి? మా ఆయన ఎలగ పోయాడో కూడా నీకు తెలుసు. నువ్వే కదా ఆఖరి దినాల్లో జావ కాసి పంపినావు."

 ఆ మాట ఇన్నేళ్ళలో నేనెప్పుడూ ఒప్పుకోలేదు.

"రేపు నువ్వెళ్ళి మా ఇంట్లో కూకో. నీకూ మర తిప్పడం తెలుసు. పళ్ళెం చూసి రంగు నువ్వే సరిచెయ్యి, నా చెయ్యి పడక్కర్లేదు. నేనిక్కడ ఉండి పిల్లకి చెబుతాను. మీ ఇంట్లో నాకూ, మా ఇంట్లో నీకూ ఏటి కనిపిస్తాదో సూద్దాం."

కాసులమ్మ పెట్టె వైపు చూసి అంది, "మీ ఇంట్లో అది ఇద్దరుగా అగుపడతాదంట కదా. నాకా బాగ్యం ఎప్పుడు దొరికిందిలే."

నేను ఆ మాటకి తెల్లబోయాను. ఆ చీమల తెర మీద ఆవిడకీ కన్నుందని నాకెప్పుడూ తట్టలేదు.

7. పద్నాలుగో నాడు, శనివారం

మూడింటికి తెప్ప మీద నేను ఐదో మంచెకి వచ్చాను. అదే తెప్ప మీద కాసులమ్మ మా మంచెకి వెళ్ళింది. తెప్ప దిగే చోట ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. తాళంచెవి మాత్రం చేతికిచ్చాను. ఇరవై ఏళ్ళలో నా ఇంటి తాళంచెవి ఎవరికీ ఇవ్వలేదు.

నాలుగింటికి రవణ పళ్ళెం పట్టుకుని వచ్చింది. పళ్ళెం వణికింది. ఎప్పుడూ వణకనిది.

"కదపకు. కాసులమ్మ మర తిప్పుకుంటంది. యాభై దాకా లెక్కెట్టు" అన్నాను.

లెక్క పెట్టింది. ముప్ఫై దగ్గర ఆగి మళ్ళీ మొదలెట్టింది.

"ఇప్పుడు పసుపు ముద్ద తీసి కంటి కింద పెట్టుకో. దగ్గరగా. కన్ను పెద్దది చెయ్యి."

పెట్టుకుంది. ఇక్కడ ఈ గొప్ప తెర మీద కన్ను ముంజలా తెల్లగా ఉంది. దాని కిందున్న పసుపు ముద్ద పసుపులా లేదు. శనగపిండి తడిపి పెట్టినట్టు వెలవెలబోయింది. పళ్ళెంలో బియ్యప్పిండి నీలంగా ఉంది. గదిలో ఉన్న ఆడవాళ్ళంతా తెర వైపు వంగారు. ఎర్రయ్యమ్మ కొంగు నోటి దగ్గరికి వెళ్ళి అక్కడే ఆగింది.

"ఏటైంది మామ్మా?" అంది రవణ.

"ఏటీ లేదు. కూకో. నీళ్ళు కాచుకుని తాగు, పచ్చివి తాగకు. వాన తొట్టి నీళ్ళు ముట్టుకోకు. రేపు నీకాడికి పడవ వస్తాది."

పడవ వస్తుందో రాదో నాకు తెలియదు. నోటికి వచ్చేసింది.

గట్టు మీద నిలబడి తెప్ప కోసం చూశాను. కాసులమ్మ తనే తాడు లాక్కుంటూ వచ్చింది. ఒడ్డుకి చేరాక కూడా తాడు వదల్లేదు.

"వొదినా" అంది. "పసుపు పసుపులాగ వచ్చేదాకా తిప్పాను. కుంకుమ కుంకుమలాగ వచ్చింది. పిండి మల్లెపువ్వులాగ వచ్చింది. అన్నీ సరిగ్గా కుదిరాయి. అప్పుడది ముద్ద తీసి కంటి కింద ఎట్టుకుంది. ఏది ముద్దో, ఏది కన్నో నాకు తేడా తెలవలేదు."

గెలిచాను. ఆవిడ నోటితోనే ఒప్పుకుంది. ఆ గెలుపు ఎంతసేపు ఉందంటే, ఆవిడ తెప్ప దిగడానికి నా చెయ్యి పట్టుకునేంతసేపు. ఆ చెయ్యి మంచులా ఉంది.

ఇద్దరం పెట్టె దగ్గరికి పరిగెత్తి ఒకటో మంచె డాక్టరమ్మ గారిని పిలిచాం. సంగతంతా నేను చెప్పాను. మధ్యలో నాకు ఊపిరాడనప్పుడు కాసులమ్మ చెప్పింది.

8. అమావాస్య, ఆదివారం

అమావాస్య నాడు పడవ తియ్యరు. ఈ రోజు తీశారు. ఎల్లాజీ, డాక్టరమ్మ గారి మనిషి ఒకరు, పొద్దున్నే వెళ్ళారు. వాన కొయ్య ఖాళీగా ఉండకూడదు గనక ఎల్లాజీ అక్కడే ఉండిపోతాడు.

పొద్దుట్నుంచీ ఏమీ తినలేదు. అల కాస్త పెద్దదైతే చాలు, పడవ తిరగబడినట్టు ఊహ. యాంటెన్నా పుల్లలు నాలుగు సార్లు గీకాను. ఉప్పు లేదు, అయినా గీకాను. మధ్యాహ్నం కాసులమ్మ నా ఇంటికి వచ్చి ఉల్లిపాయలు వలిచింది. నాకు కూర వండే పనే లేదు.

నాలుగింటికి తెర మీద ఎల్లాజీ కనిపించాడు. ఇద్దరు ఎల్లాజీలు. పళ్ళెం చూపించాడు, ఎవరు చెప్పారో. మబ్బు మాట మొత్తం తప్పులు తప్పులుగా చెప్పి, ఆఖర్న అన్నాడు, "పిల్ల పడవెక్కింది. తన కాళ్ళ మీద నడిచే ఎక్కింది. కళ్ళు బాగా పచ్చగున్నాయి. ఇక్కడ వాన తొట్టిలో పిట్ట చచ్చి పడుంది."

కాసులమ్మ, ఇంత పెద్ద పెట్టె పెట్టుకున్న మనిషి, ఆ మాట నా చీమల తెర ముందు కూర్చుని వింది. లేచి వెళ్ళమని నేను అనలేదు.

9. అమావాస్య వెళ్ళిన రెండో నాడు, మంగళవారం

నిన్న పొద్దున నీళ్ళ పడవ వాడు కబురు తెచ్చాడు. రవణ ఒకటో మంచె మీద ఉంది. కామెర్లే. లివరు వాచింది కానీ చెయ్యి దాటిపోలేదు. ఇంకో పది రోజులు ఆలస్యమై ఉంటే తను చెప్పలేనని డాక్టరమ్మ గారు అన్నారట. నెల రోజులు మంచం, కాచిన నీళ్ళు, ఉప్పూ నూనే లేని తిండి. ఒకటి రెండు రోజుల్లో చూడ్డానికి రావచ్చు, ఒక్కొక్కరుగా కాదు, వస్తే ఇద్దరూ కలిసే రండి, పిల్ల మంచం పక్కన మీ తగవులు వద్దు అన్నారట. డాక్టరమ్మ గారూ, ఈ పుస్తకం మీరూ చదువుతారు కదా, ఆ మాట నీళ్ళ పడవ వాడితో చెప్పి పంపకుండా ఉండాల్సింది.

ఇంకో కబురు కూడా ఉంది. పిల్ల అడిగిందట, "అమ్మమ్మ కాసే జావ తాగాలనుంది" అని.

జబ్బు కనిపెట్టింది నేను. పళ్ళెం గుర్తు చేసింది నేను. పిల్ల అడిగింది మాత్రం అమ్మమ్మ జావ. ఆ కబురు వచ్చింది నా గట్టుకి. ఐదో మంచెకి ఇంకా వెళ్ళలేదు. నీళ్ళ పడవ వాడికి చెప్పాను, నేనే చెబుతాలే, నువ్వెళ్ళు అని. ఒక పగలంతా దాన్ని ఒడిలో పెట్టుకు కూర్చున్నాను. జావ నేనూ కాయగలను. బియ్యం నూక వేయించి, కాస్త జీలకర్ర పొడి వేసి. అమ్మమ్మదేనని చెప్పి ఇస్తే పిల్లకి ఏం తెలుస్తుంది?

తెలుస్తుంది. నా జావ పలచగా ఉంటుంది. ఆ పిల్ల మొదటి నుంచీ అంటూనే ఉంది.

ఈ రోజు పొద్దున తెప్ప ఎక్కి వెళ్ళి చెప్పాను. ఒక రోజు ఆలస్యంగా చెబుతున్నానని కూడా చెప్పాను. కాసులమ్మ తిడుతుందనుకున్నాను. కొత్త చీర కట్టుకోలేదు, జుట్టు దువ్వుకోలేదు. పొయ్యి ముందు కూర్చుంది.

"నూక నా దగ్గరుంది. జావ నాను కాస్తాను" అంది. "కుండ నువ్వు పట్టుకో వొదినా. నా సేతులు రెండు రోజుల్నుంచీ వణుకుతన్నాయి. పడవలో ఒలికిపోద్ది."

"పట్టుకుంటాను" అన్నాను. "మరి లోనికి ముందెవరు ఎళ్ళాలి?"

"కుండ నీ సేతిలో ఉంటే నువ్వు కాక నానెల్తానేటి?"

 నూక వేయించడానికి మూకుడు అందించాను.

నీళ్ళ పడవ వాడితో మాట్లాడాం. పంచమి నాడు, శుక్రవారం, పొద్దుటి పోటు మీద బయలుదేరుతున్నాం, ఇద్దరం.